నడవడానికి ఆరు మాటలు

ఎవరైనా నా మాట ముందే విని ఉంటే ఇదంతా ఇప్పుడు రాయాల్సిన పని ఉండేది కాదు. గిద్దలూరులో కాలు పోగొట్టుకున్నవాళ్ళకు పెట్టుడు కాళ్ళు ఇచ్చే క్యాంపు పెడుతున్నామనీ, నడక నేర్పడానికి స్పెయిన్ నుంచి డాక్టరమ్మ వస్తోందనీ, స్పానిష్ మాటను తెలుగులో చెప్పగలిగినవాళ్ళు కావాలనీ ఒక ట్రస్టు పేపర్లో ప్రకటన వేసింది. దరఖాస్తు పంపాను. జవాబు లేదు. రిజిస్టరు పోస్టులో మళ్ళీ పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ఫోను చేస్తే ఒక ఆడగొంతు "లైన్లో ఉండండి" అని ఇరవై నిమిషాలు నిలబెట్టి పెట్టేసింది. ఆ గొంతు ఎక్కడ వినిపించినా గుర్తుపడతాను.

ఒంగోలు మనిషికి స్పానిష్ ఏమిటంటారా? ఎనిమిదేళ్ళ కింద, రిటైరైన కొత్తలో, మా ఊళ్ళో విదేశీ భాషల తరగతులు పెడితే చేరదామని వెళ్ళాను. కౌంటర్లో కూర్చున్నవాడు నా తల వైపు చూసి "మనవడికా సార్?" అన్నాడు. నాకేనన్నాను. నవ్వాడు. ఆ నవ్వు మీద పంతంతోనే నేర్చుకున్నాను. పాత పుస్తకాల అంగట్లో వ్యాకరణం ఒకటి కొని, క్రియలన్నీ నిలువు వరసల్లో రాసుకుని, రోజూ కాఫీకి ముందు వల్లెవేసేవాణ్ణి. మాట్లాడటానికి మనిషి మాత్రం దొరకలేదు.

నా బదులు ఎవర్ని పెట్టుకున్నారో చూడాలి, వాళ్ళు చేసే తప్పులు రాసుకుని రావాలి. ఆ ఉద్దేశంతోనే బయల్దేరాను. దాచడం ఎందుకు?

పొదిలి దాటాక

చీమకుర్తి గ్రానైటు గుట్టలు వెనకబడ్డాక నేల రంగు మారుతుంది. పొదిలి దాటాక మాట మారుతుంది. మా వైపు కండక్టరు "ఎక్కడికండీ" అంటాడు. ఇక్కడాయన "యాడికి పోవాల పెద్దాయనా?" అన్నాడు. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎవరి అల్లుడి గురించో చెప్పుకుంటున్నారు. "వచ్చినాడు, తిన్నాడు, పోయినాడు. ఏందక్కా, మాట లేదు, పలుకు లేదు!" మా వైపు "వచ్చాడు" అని తేల్చేసే చోట వీళ్ళు "వచ్చినాడు" అని ఇంకొంచెం సేపు ఆ మనిషిని గుమ్మంలో నిలబెడతారు. ఒకే జిల్లా మనుషులమనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. వంద కిలోమీటర్లలో క్రియ తోక మారిపోతుందని చెవిపెట్టి విన్నది ఆ రోజే.

మార్కాపురం

ఉదయం ఒక చిన్న హోటల్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జి తిన్నాను. ముప్పై రూపాయలు. మా ఒంగోల్లో ఉగ్గాణి అడిగితే నా వైపు వింతగా చూస్తారు. ఇక్కడ ఇడ్లీ అడిగినందుకు చూశారు. బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టిన వంటకం అంత తేలికగా, అంత కారంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

పక్కనే పలకల దుకాణం. యజమాని నా కథంతా అడిగి తెలుసుకున్నాడు. స్పెయిన్ పేరు వినగానే అరుగు మీద బోర్లించిన రాతి పలకల్ని తట్టి అన్నాడు: "మా రాయి పోతాది సార్ పై దేశాలకు. దానికి ఒక్క ముక్క భాష రాదు, అయినా పోతాది. నీకు భాష వచ్చి కూడా గిద్దలూరు పిలుపు రాలేదంటే ఏమనుకోవాల?"

లేచి వచ్చేశాను. ఆ దుకాణం రంగు, గుమ్మం, వాడి మీసం అన్నీ గుర్తున్నాయి.

రైల్లో, కంభం దాకా

మార్కాపురం రోడ్డు స్టేషన్లో నాతో పాటే ఎక్కిన ఒక జంట నా ఎదుటి సీట్లో కూర్చుంది. మనిషికి యాభై ఉంటాయి, కుడికాలు మోకాలి కింద లేదు. చంక కర్రలు రెండూ తెచ్చి నా పాదాల మీదే ఆనించాడు. గొణిగాను. అతని భార్య కర్రలు తీసి పక్కన పెట్టి, కొంగు మూట విప్పి నాలుగు తునికి పండ్లు నా చేతిలో పోసింది. "తిను పెద్దాయనా, అడివివి" అంది. తీపికీ వగరుకూ మధ్య ఒక రుచి. గొణుగుడు ఆగిపోయింది.

అతని పేరు ఈదన్న, ఆమె గురవమ్మ. పుల్లలచెరువు పైన అడవి అంచు గూడెం. తేనె, చెట్ల బంక తెచ్చి అమ్ముకునేవాళ్ళు. మూడేళ్ళ కింద పాము కరిచి కాలు చెడితే తీసేశారు. వాళ్ళు కూడా ఆ క్యాంపుకే వెళ్తున్నారు. రెండు నెలల కింద ట్రస్టువాళ్ళు వచ్చి కొలతలు తీసుకుపోయారట.

"కర్రలతో నడవగలుగుతున్నావు కదా?" అన్నాను.

"రోడ్డు మీద నడుస్తా సార్. అడివిలో ఏటవాలు. రెండు చేతుల్లో రెండు కర్రలుంటే బంక ఏ చేత్తో గిల్లాల?"

గురవమ్మ కిటికీ బయటికి చూస్తూ చెప్పింది. "మూడేండ్ల నుంచి నేనొక్కదాన్నే పోతాన్నా. తేనె ఎక్కేది నాకు రాదు. ఈయప్ప కింద నిలబడి చెప్పినా చాలు."

క్యాంపులో ఏమీ పట్టుకోకుండా పది చుట్లు నడిచినవాళ్ళే కాలు ఇంటికి తీసుకుపోవచ్చట. నడవలేనివాళ్ళ కాలు ట్రస్టు బండిలో వెనక్కి పోతుంది. "నడుస్తానా అని నన్ను అడుగుతాడు సార్. నన్నడిగితే?" అని గురవమ్మ నవ్వింది కానీ ఈదన్న నవ్వలేదు.

నేను కంభంలో దిగాను. ఆ చెరువు గురించి విన్నదానికీ చూసినదానికీ పొంతన లేదు. రెండు కొండల మధ్య సందుని ఎప్పుడో ఎవరో మట్టి పోసి మూశారు, అంతే. ఆ చిన్న కట్ట మీద నిలబడి ఇటు చూస్తే కంటికి అందినంత మేరా నీళ్ళు, అటు చూస్తే పచ్చని మాగాణి. ఎండాకాలంలో, ఈ ఎర్రనేలల మధ్య! నేను కొలతలకు, లెక్కలకు అలవాటు పడినవాణ్ణి. అక్కడ ఏదీ అడగబుద్ధి కాలేదు. చేపల పులుసుతో అన్నం తిని, సాయంత్రం బస్సుకు గిద్దలూరు చేరాను.

గిద్దలూరు, సత్రం ముందు

క్యాంపు ఒక సత్రంలో. ముందు ఆవరణలో షామియానా, నడవడానికి రెండు పక్కలా ఇనప కమ్ములు, చుట్టూ చాపలు. లోపల నున్నటి బండల హాలు, దాని చివర నిలువెత్తు వేంకటేశ్వరస్వామి పటం. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి క్యాంపుకు రెండో రోజు. ముప్పై మంది దాకా ఉన్నారు. స్పెయిన్ డాక్టరమ్మ పేరు మార్తా. పొడవైన మనిషి, ఎండకు ఎర్రబడిన ముక్కు. ఆమె పక్కన యాభై ఏళ్ళ ఆడమనిషి, కళ్ళద్దాలకు దారం, నడుములో దోపిన కొంగు. నా స్థానంలో వచ్చింది ఆమే, పేరు రమణమ్మ.

"స్పానిష్ ఎక్కడ చదువుకున్నావమ్మా?" అని అడిగాను.

"చదువుకోలా అన్నా. వంట చేసినా. స్పెయిన్ వాళ్ళు నడిపే పిల్లల హాస్టల్లో పదేండ్లు."

"నడిచాడు, నడుస్తాడు, ఈ కాలాలన్నీ ఎట్లా చెప్తావు?"

"నిన్నటిది నాకు రాదన్నా, రేపటిదీ రాదు. వంటింట్లో ఏముంటాది? ఉప్పు సరిపోయిందా, పిల్లోళ్ళు తింటాండారా. ఈ పూట సంగతి ఒకటే."

ఇక తప్పులకు కొదవ ఉండదనుకుని పుస్తకం తీశాను. ఆమె నా పక్కనే చాప మీద కూర్చుని, నేనడక్కుండానే చెప్పింది.

"నడిచేదాన్ని వాళ్ళు కమినార్ అంటారన్నా. బెండకాయకి తొడిమ కోస్తాం చూడు, అట్ల చివర ఆర్ కోసెయ్. ఇంక నేనైతే ఓ తగిలించు, కమీనో. నువ్వైతే కమీనాస్. ఆయనైనా ఆమైనా కమీనా. మనమైతే కమినామోస్, మీరైతే కమినాయిస్, వాళ్ళైతే కమీనాన్. వండేది కోథినార్, మాట్లాడేది అబ్లార్. ఆర్ తొడిమ ఉండేవి శానా మటుకు ఇట్లనే తెగుతాయి. తెగనివి నేను ముట్టుకోను."

నా వ్యాకరణంలో ఇది పన్నెండు పేజీలు. ఇంతకంటే ఎక్కువ ఆ పేజీల్లో ఏముందో వెతుక్కుంటూ కూర్చున్నాను. ఒకటే కనిపించింది: మనకు "నడుస్తాను" అన్నాక మళ్ళీ "నేను" అక్కర్లేనట్టే వాళ్ళకూ అక్కర్లేదు, మాట తోకే మనిషిని చూపిస్తుంది. అది రమణమ్మకు చెప్పాను. "అదే గదన్నా నేను జెప్పేది" అంది.

అప్పుడు మొదలైంది నడక.

కమ్ముల మధ్య నడిచే మనిషి అడుగు వేసినప్పుడల్లా "కమీనో" అనాలి. ఎదురుగా నిలబడ్డ ఇంటి మనిషి అతన్ని చూస్తూ "కమీనాస్" అనాలి. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా "కమీనా" అంటారు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే వాళ్ళు "కమినామోస్", ఎదుటివాళ్ళు "కమినాయిస్", చాపలవాళ్ళు "కమీనాన్". ఎవరికీ పాఠం చెప్పలేదు. ఎవరు ఎక్కడుంటే ఆ మాట వాళ్ళ దగ్గరికి వస్తుంది. కూర్చున్నవాడు లేచి నడిస్తే అతని నోట్లో మాట దానంతటదే మారుతుంది. అక్షరం రానివాళ్ళు, ముప్పై మంది, ఒక్కరూ తడబడలేదు. ఎనిమిదేళ్ళు నేను ఆ ఆరు మాటల్నీ నిలువు వరసలో చదివాను. వాటి మధ్య ఇంత చోటు ఉందనీ, ఆ చోట మనుషులు నిలబడతారనీ నాకు తట్టలేదు. పుస్తకం మూసేశాను.

కాసేపటికి మళ్ళీ తెరిచాను, ఎందుకంటే నిజంగానే ఒక తప్పు జరిగింది. బజారులో బట్టల కొట్టాయనకు షుగరు వల్ల కాలు పోయింది. ఆయన భార్య ఎదురుగా నిలబడి "కమీనాస్" అనకుండా "కమీనాన్" అంటోంది. వాళ్ళు నడుస్తారు, అని. మార్తా రెండో మనిషి ఎక్కడా అని వెనక్కి చూసింది. నేను లేచి సరిదిద్దాను.

రమణమ్మ నన్ను పక్కకు లాగింది. "ఆయమ్మ నలభై ఏండ్లలో మొగుణ్ణి నువ్వు అనలేదన్నా. స్పెయిన్ మాట వచ్చిందని మర్యాద ఇడుస్తాదా?" మార్తాకు అది సైగలతో చెప్తే, ఆమె నవ్వి, ఆ రోజంతా కొట్టాయన్ని తను కూడా "కమీనాన్" అనే అంది.

గురవమ్మకు ఆ ఇబ్బంది లేదు. ఈదన్న కొత్త కాలికి, మంచి కాలికి ట్రస్టువాళ్ళిచ్చిన గుడ్డ బూట్లు తొడిగారు. మొదటి అడుగుకు అతని పెదవులు కదిలాయి, మాట రాలేదు. రెండో అడుగుకు "కమీనో" అన్నాడు, తనకే చెప్పుకున్నట్టు. గురవమ్మ వెనక్కి వెనక్కి నడుస్తూ అరిచింది: "కమీనాస్ సామీ, కమీనాస్! పెండ్లినాడు గూడా ఇంత సక్కగా నడవలా నువ్వు!" చాపలన్నీ నవ్వాయి. అతను కమ్ములు వదిలేశాడు. ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరకు, కర్ర లేకుండా, "కమీనో, కమీనో" అంటూ. ఆ వర్తమాన కాలం అనడానికి అతను మూడేళ్ళు ఆగాడు.

హాలు గుమ్మం

మధ్యాహ్నం ఎండ ఎక్కువైందని పది చుట్ల పరీక్షను చాపలతో సహా హాల్లోకి మార్చారు. ఈ భాగం రాయడం నాకిష్టం లేదు.

నేను గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బయట చెప్పులు వరసగా ఉన్నాయి. నావీ అక్కడే విడిచాను. పరీక్షకు మొదట పిలిచింది ఈదన్ననే. బూట్లతో గడప దాకా వచ్చాడు. అలవాటు కొద్దీ నోరు లేచింది. "ఏమయ్యా, అందరం విడిచి వచ్చాం కదా. ఎదురుగా దేవుడి పటం కనపడటం లేదా?"

అతను నాలుక కరుచుకున్నాడు. గోడకు ఆనుకున్నాడు. గురవమ్మ వంగి బూట్లు రెండూ లాగి పక్కన పెట్టింది. అతను పటానికి దండం పెట్టి లోపలికి నడిచాడు.

నాలుగో అడుగుకు ఒళ్ళు వెనక్కి వాలింది. పడ్డాడు. లేపారు. మళ్ళీ మూడు అడుగులు, మళ్ళీ పడ్డాడు. చాపల మీంచి "కమీనా" అన్న గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈదన్న నేల మీద కూర్చుని రమణమ్మతో, "నో కమీనో అక్కా. నో కమీనో" అన్నాడు. ముందు నో పెడితే లేదని అర్థం, అది కూడా పొద్దున్నే నేర్చుకున్నాడు.

ట్రస్టు తరఫున వచ్చిన కోఆర్డినేటరు పలక లాంటి ఫోను మీద ఏదో నొక్కి, తర్వాతి పేరు పిలిచాడు. ఈదన్నను చూసి బూట్లు విడిచి వచ్చిన తర్వాతి ముగ్గురిలో ఇద్దరు పడ్డారు. మార్తాకు అంతు పట్టలేదు. కాళ్ళు విప్పి చూసింది, మరలు చూసింది. చివరికి ఈదన్న పాదం పట్టుకుని ఆగిపోయింది. బూటు ఏదని అడిగింది. రమణమ్మ తెలుగులో అడిగింది.

"ఆ పెద్దాయన ఇడవమన్నాడు" అంది గురవమ్మ. నింద లేదు ఆ గొంతులో. అదే నాకు కష్టమైంది.

తర్వాత తెలిసింది. ఆ కాలిని బూటు మడమ ఎత్తుకు సరిచూసి బిగిస్తారట. బూటు తీస్తే మనిషి వెనక్కి వాలిపోతాడు. చెప్పుల్లేకుండా నడిచే రకం కాలు వేరే ఉందట. గడప దగ్గర చెప్పులు విడిచే దేశానికి విడవకూడని కాలు పంపారు. అది వాళ్ళ తప్పు. విడవమన్నది నేను. అది నా తప్పు.

"అన్నా, ఈమెకు ఏం జెప్పమంటావు? జరిగిపోయిన మాట నాకు చెప్పను రాదే" అంది రమణమ్మ.

నేను లేచాను. ఎనిమిదేళ్ళలో స్పెయిన్ మనిషితో నేను మాట్లాడబోయే మొదటి మాట అది. భూతకాలం అంతా కంఠస్థమే, ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చిన వాటితోనే చెప్పాను. "ఎల్ ఎంత్రా. యో గ్రీతో. ఎల్ కీతా ఎల్ థపాతో. ఎల్ నో కమీనా." అతను లోపలికి వస్తున్నాడు. నేను అరుస్తున్నాను. అతను బూటు తీస్తున్నాడు. అతను నడవడం లేదు. అన్నీ ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్తుంటే, నేను మళ్ళీ అతన్ని గుమ్మంలో ఆపుతున్నట్టే ఉంది.

మార్తా నా వైపు చూసింది. కోప్పడలేదు. "కోన్ థపాతో, కమీనా" అంది. బూటుతో నడుస్తాడు.

బూట్లు తొడిగారు. ఇప్పుడు ఈదన్న ఒప్పుకోలేదు. "దేవుడి ముందరికి బూట్లతో నేను పోను." సత్రం చూసుకునే ముసలాయన అంతదాకా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. వచ్చి పటానికి తెర లాగాడు. "పో నాయనా. ఆ బూటు నీ కాల్లో భాగమే. సామికి నేను జెప్పుకుంటా."

నడిచాడు. మొదటి చుట్టు అందరం అతని బూట్లనే చూశాం. రెండో చుట్టుకు గురవమ్మ గొంతు వచ్చింది. మూడో చుట్టుకు హాలంతా "కమీనా, కమీనా". పడిన మిగతా ఇద్దరూ బూట్లు తొడుక్కుని అతని వెనకే కలిశారు. మాట దానంతటదే "కమినామోస్" అయింది, చాపల మీద "కమీనాన్" అయింది. పది చుట్లు అడిగితే పన్నెండు నడిచాడు. నేను ఎన్నో గుళ్ళు, ఎన్నో ఉత్సవాలు చూశాను. ఆ బండల మీద ఆ అడుగుల చప్పుడు లాంటిది వినలేదు.

చివరి ఉదయం

బండి కదిలే ముందు కోఆర్డినేటరు జాబితా చదివాడు. వెనక నడిచిన ఇద్దరి పరీక్షా రెండోసారి నమోదైంది. ఈదన్నది కాలేదు. మొదటి పేరు కాబట్టి అతని ఫలితం అప్పటికే ఆఫీసుకు వెళ్ళిపోయిందట.

"సిస్టంలో పడ్డాక నేను మార్చలేను సార్" అన్నాడు.

"ముప్పై మంది చూశాం."

"మీరు రాసి పంపండి. ఆఫీసు చూస్తుంది."

"అతని కొలతతో చేసిన కాలు ఇంకెవరికి సరిపోతుంది?"

"విడిభాగాలు వాడతారు సార్."

మార్తా రమణమ్మ చేత అతనికి గట్టిగానే చెప్పించింది, ఈదన్న నడిచాడని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాలు విప్పి, చీటీ కట్టి, బండిలో పెట్టారు. బూట్లు మాత్రం వాళ్ళ లెక్కలో లేవు కాబట్టి ఈదన్నకే వదిలేశారు.

అతని ముందు నిలబడి క్షమించమన్నాను. "నువ్వు మంచికే జెప్పినావు పెద్దాయనా" అన్నాడు. "నువ్వు జెప్పకపోతే అట్లనే దేవుడి ముందరికి పోతాంటి." ఎడమకాలికి కొత్త బూటు, చంకల్లో కర్రలు. రెండో బూటు గురవమ్మ తన కొంగులో చుట్టుకుంది. స్టేషను వైపు నడిచారు. రమణమ్మ "కమీనాస్, ఈదన్నా" అంది. అతను తిరిగి చూసి తల ఊపాడు, "కమీనో" మాత్రం అనలేదు.

ట్రస్టువారికి: నా దరఖాస్తుకు మీ జవాబు ఇంకా రావాలి, దాని సంగతి నేను మరిచిపోను. రమణమ్మను ఎంచుకున్నది సరైన పనే, అదీ ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు అడిగేది వేరు. ఆ మనిషి పడింది నా మాట వల్ల, మీ కాలు బూటు లేకుండా నిలబడనందువల్ల. అతని వల్ల కాదు. పన్నెండు చుట్లు నడిచాడు. మీ డాక్టరమ్మ సంతకం మీ కోఆర్డినేటరు జేబులో ఉంది. పుల్లలచెరువు పైన ఒక మనిషి చెట్టు కింద నిలబడి భార్యకు తేనె ఎక్కడుందో చూపించాల్సి ఉంది. ఈదన్న కాలు ఏ రోజు పంపుతున్నారు? నన్ను లైన్లో ఉంచకండి. తేదీ చెప్పండి.